తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?

ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు కూడలి దగ్గర పెద్దరోడ్డు వదలి పెందుర్తి దిక్కుకు తిరిగితే కొద్ది దూరంలోనే గోపాలపట్నం వస్తుంది. ఒకప్పుడిది విశాఖపట్నానికి ఎడంగా ఉన్న ఊరు. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. దాపునే సింహాచలం రైల్వేస్టేషను, ఆ పైన అప్పన్న కొలువున్న కొండ. రేవులోనూ, డాక్‌యార్డులోనూ, ఉక్కు కర్మాగారంలోనూ షిఫ్టు దిగి ఇళ్ళకు చేరే ఉద్యోగులు, కొత్తవలస మీదుగా అరకు వెళ్ళే విహారయాత్రికులు, కొండకు మొక్కు చెల్లించుకోవడానికి వచ్చే సంసారులు, బడి వదిలిన పిల్లలు - అందరికీ ఇదే దారి. ఇక పెళ్ళిళ్ళ రోజులైతే చెప్పనే అక్కరలేదు.

ఇటువంటి చోట రాత్రి పదిన్నర వేళ ఒక పెళ్ళివిందు ముగిసిందనుకుందాం. పందిరి వెనుక నలుగురు మిత్రులు సరదాకని కూర్చుని లేచారు. వారిలో ఇంటి పెద్దల్లుడు కూడా ఉన్నాడు. జేబులోంచి మోటారుసైకిలు తాళంచెవి తీశాడు. బావమరిది చూశాడు.

"బావా, ఈ పూటకి తాళం ఇలా ఇచ్చెయ్యి. ఆటో పిలుస్తాను."

"నాకేటైందిరా? రెండు పెగ్గులకే పడిపోతానేటి? వేపగుంట ఎంత దూరం, కళ్ళు మూసుకుని పోతాను."

పక్కనున్న పెద్దలు అల్లుడి మాట కాదనలేక ఊరుకున్నారు. అతని భార్య పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వెనుక సీటు మీద కూర్చుంది.

ఈ సంభాషణ మేము కల్పించినదే. కాని ఇటువంటిది తమ బంధువర్గంలో ఎన్నడూ వినలేదని చెప్పగల కుటుంబాలు ఎన్ని ఉంటాయి? ఇందులో అసలు ప్రమాదం పెగ్గుల లెక్కలో కంటె "నాకేటైంది" అన్న మాటలో ఎక్కువగా ఉంది. ఆ మాటను శాస్త్రం ఎలా చూస్తుందో, చట్టం ఎలా చూస్తుందో, ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం అవసరం.

మొదట మత్తెక్కేది వివేకానికి

తాగినవాడు తూలుతూ నడిస్తేనే మత్తులో ఉన్నట్టు మనం లెక్కవేస్తాము. అది పొరపాటు. తూలడం చాలా తరువాతి దశ. సారాయి సత్తువ రక్తంలో కలిసి మెదడుకు చేరగానే మొదట దెబ్బ తినేది మంచిచెడ్డలు బేరీజు వేసుకునే శక్తి. బెరుకు పోతుంది, ధైర్యం వస్తుంది. చేతులూ కాళ్ళూ ఇంకా స్వాధీనంలోనే ఉన్నట్టుంటాయి. కనుక "నేను బాగానే ఉన్నాను" అని తాగినవాడు అబద్ధమాడడు. అతనికి నిజంగానే అలా తోస్తుంది. తన స్థితిని తూచవలసిన తక్కెడే ముందుగా చెడిపోయిందన్న మాట. చెడిన తక్కెడ తూకాన్ని నమ్మి భార్యాబిడ్డలను బండి ఎక్కించడం ఏమి న్యాయం?

తరువాత దెబ్బ తినేది చురుకుదనం. ఎదుట ఏదో అడ్డం వచ్చింది. కన్ను చూడాలి, మెదడు గ్రహించాలి, కాలు బ్రేకు మీద పడాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బ్రేకు వేయడంలో అర సెకను ఆలస్యమైతే బండి మరి 8 మీటర్లు ముందుకు దూసుకుపోతుంది. రోడ్డు దాటే ముసలమ్మ ప్రాణం దక్కడానికీ పోవడానికీ మధ్యనున్న దూరం ఒక్కొక్కప్పుడు అంతే. పైగా రాత్రివేళ ఎదురుగా వచ్చే లారీ దీపాల వెలుగుకు చెదిరిన చూపు తిరిగి కుదురుకోవడం, తాగినవాడిలో మరింత ఆలస్యమవుతుంది. ఆపైన నిద్ర ముంచుకువస్తుంది.

లెక్క ఎంత?

మన దేశపు చట్టం ఒక హద్దు గీసింది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండగా మోటారు వాహనం నడపడం నేరం. ఈ 30 అన్నది ఎంత చిన్న హద్దో చాలామందికి తెలియదు.

60 కిలోల బరువున్న మగవాణ్ణి తీసుకోండి. ఖాళీ కడుపున 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు విస్కీ పుచ్చుకుంటే, గణితం ప్రకారం అతని రక్తంలో సుమారు 25 మిల్లీగ్రాములు తేలుతుంది. రెండో పెగ్గుతో హద్దు దాటినట్టే. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసా ఒకటి తాగితే సుమారు 60. అంటే హద్దుకు రెట్టింపు. స్ట్రాంగు బీరైతే మూడింతలకు చేరుతుంది. అదే మోతాదు స్త్రీలలోనూ, బక్కపలచని వారిలోనూ ఇంకా ఎక్కువ చూపిస్తుంది. తిన్న తిండినిబట్టీ, తాగిన తొందరనుబట్టీ ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి కనుక "ఇంతవరకు తాగవచ్చు" అని ఎవరూ వీటిని కొలబద్దగా పెట్టుకోరాదు. "రెండు పెగ్గులే కదా" అన్నవాడు హద్దుకు ఏ వైపున ఉన్నాడో గ్రహించడానికే ఈ లెక్క.

ఎక్కినది దిగడం ఎలాగంటారా? దానికి ఉపాయం లేదు. ఒంట్లో చేరిన సారాన్ని కాలేజం తన తీరున, గంటకు 10 మొదలు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే కరిగించగలదు. చిక్కటి కాఫీ, పుల్లని మజ్జిగ, నిమ్మరసం, నెత్తిన చన్నీళ్ళు - ఇవేవీ కాలేజాన్ని తొందరపెట్టలేవు. కాఫీ తాగితే మత్తులో ఉన్నవాడు మేలుకున్న మత్తులో ఉంటాడు, అంతే.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. రాత్రి పదకొండింటికి ఒక క్వార్టరు, అనగా 180 మిల్లీలీటర్లు, ముగించి పడుకున్నవాడి రక్తంలో సుమారు 150 ఉంటుంది. తెల్లవారి ఆరు గంటలకు మొదటి షిఫ్టుకు బయలుదేరేసరికి ఏడు గంటలే గడిచాయి. వేగంగా కరిగినా ఇంకా 40కి పైనే మిగులుతుంది. నిద్ర లేచాడు, స్నానం చేశాడు, విభూతి పెట్టుకున్నాడు, ఇడ్లీ తిన్నాడు. అయినా చట్టం దృష్టిలో అతడు తాగి బండి నడుపుతున్నవాడే.

పాత చట్టం, కొత్త చట్టం

పూర్వం ఇంత కచ్చితమైన లెక్క లేదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద, బండిని అదుపులో పెట్టుకోలేనంతగా మత్తులో ఉన్నాడని ఋజువు చేయవలసి వచ్చేది. నోటి వాసన, కళ్ళ ఎరుపు, నడక తీరు - వీటిమీద వాదోపవాదాలు సాగేవి. ఆ రోజుల్లో మన ప్రాంతంలో మద్యమే నిషిద్ధం. 1948 నాటికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం పరచుకున్నది; విశాఖపట్నం అప్పుడు అందులోనిదే. తరువాత అది సడలింది. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో తిరిగి సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో మళ్ళీ సడలింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఉత్తర్వు చేసింది; పట్టణ ప్రాంతాలకు ఆ కట్టడి వర్తించదని 2017లో వివరణ ఇచ్చింది. నిషేధం మంచిదా కాదా అన్న చర్చ వేరు. దుకాణం దగ్గరున్నా దూరమున్నా, తాగిన చెయ్యి హ్యాండిలు పట్టరాదన్నది అన్ని కాలాల్లోనూ ఒకే మాట.

ఇప్పుడు అమలులో ఉన్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. అందులో 185వ సెక్షను ఈ నేరానికి సంబంధించినది. అనుమానం కలిగితే యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి బ్రెత్ ఎనలైజర్ అనే ఊపిరి యంత్రంలోకి ఊదమనవచ్చు. రక్తంలోని ఆల్కహాలు ఊపిరితిత్తులలో గాలికి కూడా అంటుకుంటుంది. సుమారు 2,100 పాళ్ళ ఊపిరిలో ఉన్నంత, ఒక పాలు రక్తంలో ఉంటుందన్న నిష్పత్తి మీద ఆ యంత్రం లెక్కగడుతుంది. అందుచేత ఏలక్కాయలు నమిలినా, సోంపు నమిలినా వాసన మారుతుందే గాని అంకె మారదు.

ఊదను పొమ్మంటే? నిరాకరించినవాణ్ణి వారంటు లేకుండా నిర్బంధించవచ్చు. తగిన కారణం లేకుండా నిరాకరించడం న్యాయస్థానంలో అతనికే వ్యతిరేకంగా నిలబడుతుంది. పౌరుడికి రక్షణ కూడా లేకపోలేదు. ఈ నేరం కింద నిర్బంధించిన మనిషిని రెండు గంటల లోపల వైద్యపరీక్షకు హాజరు పరచాలి, లేకపోతే విడిచిపెట్టాలి. అంతకు ముందే పుక్కిలించిన మందు వల్లనో, దగ్గుమందు వల్లనో అంకె వచ్చిందని నిజంగా అనుమానమున్నవాడు ఆ సంగతి మర్యాదగా అప్పుడే చెప్పుకోవాలి. నోట్లో మిగిలిన ఆల్కహాలు ఓ పావుగంటలో పోతుంది. రక్తంలో ఉన్నది పోదు.

శిక్ష మాటకొస్తే, మొదటి తప్పుకు ఆరు నెలల వరకు ఖైదు, లేదా 10,000 రూపాయల జుల్మానా, లేదా రెండూ. రెండోసారి పట్టుబడితే రెండేళ్ళ వరకు ఖైదు, లేదా 15,000 రూపాయల జుల్మానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు మొదటి జుల్మానా 2,000 రూపాయలే ఉండేది. లైసెన్సు తాత్కాలికంగా పోవచ్చు, రద్దు కూడా కావచ్చు. ఇది రోడ్డు మీదనే చలానా కట్టి చేతులు దులుపుకునే తప్పు కాదని గుర్తుంచుకోవాలి. న్యాయస్థానం మెట్లెక్కక తప్పదు. 2023లో విశాఖపట్నంలో ఇలా పట్టుబడిన కొందరిని సముద్రతీరంలో చెత్త ఏరవలసిందిగా మేజిస్ట్రేటు ఆదేశించారు. ఉద్యోగస్థులు, ఇంటి యజమానులు పదిమందీ చూస్తుండగా ఇసుకలో వంగి కాగితాలు ఏరుతుంటే, జుల్మానా కంటె ఆ శిక్షే ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది.

విశాఖ కుటుంబాల పిల్లలు చాలామంది ఈనాడు విదేశాల్లో ఉన్నారు. వారి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల హద్దు మన లెక్కలో 80. యూటా రాష్ట్రంలో 50. హద్దు ఎక్కువ కదా అని సంబరపడవద్దు. అక్కడ తాగి కారు నడిపి నిర్బంధానికి గురైతే, శిక్ష పడకముందే వీసా రద్దయ్యే అవకాశం ఉంది. ఎన్నో ఏళ్ళ చదువు, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు, ఒక్క సాయంత్రంతో గాలిలో కలిసిపోవచ్చు.

ప్రాణం పోతే

ఇంతవరకు చెప్పినది ఎవరికీ ఏమీ కానప్పటి మాట. ప్రాణమే పోతే సంగతి వేరు.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షను, నిర్లక్ష్యం వల్ల మరణం కలిగిస్తే ఐదేళ్ళ వరకు ఖైదు విధిస్తుంది. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్ళే. అయితే తాగి నడపడాన్ని కేవలం నిర్లక్ష్యమని సరిపెట్టకుండా, ప్రాణం పోతుందని తెలిసి చేసిన పనిగా న్యాయస్థానం భావిస్తే, హత్య కాని నరహత్య కింద పదేళ్ళ వరకు ఖైదు పడవచ్చు.

ఇది కాగితం మీది బెదిరింపు కాదు. 2006 నవంబరులో బొంబాయి బాంద్రాలోని కార్టర్ రోడ్డులో, పేవ్‌మెంటు మీద నిద్రపోతున్న కూలీల మీదికి ఒక యువకుడు కారు తోలాడు. ఏడుగురు చనిపోయారు, ఎనిమిదిమంది గాయపడ్డారు. అతని రక్తంలో ఆల్కహాలు 112 మిల్లీగ్రాములు. కింది కోర్టు నిర్లక్ష్యమని ఆరు నెలలే వేసింది. హైకోర్టు దాన్ని నరహత్యగా మార్చి మూడేళ్ళు వేసింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయపరచింది.

మన తెలుగునాట జరిగినవి తక్కువా? 2016 జూలై 1న హైదరాబాదు పంజగుట్టలో, తాగిన విద్యార్థుల కారు డివైడరు దాటి అవతలి వైపు వస్తున్న మరో కారు మీద పడింది. ఆ కారులో బడినుంచి ఇంటికి తిరిగివస్తున్న చిన్నారి ఉంది. ఆమె పినతండ్రి అక్కడికక్కడే పోయాడు. చిన్నారి కొన్నాళ్ళు ఆసుపత్రిలో మృత్యువుతో పోరాడి ఓడిపోయింది. వారు తమ వైపు తాము సక్రమంగానే వస్తున్నారు. తాగనివాడికి కూడా రక్షణ లేదనడానికి ఇంతకంటె ఏం కావాలి?

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద జరిగినది మరింత ఘోరం. ఒక మోటారుసైకిలు డివైడరును ఢీకొని పడిపోయింది, నడిపిన యువకుడు మరణించాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బండిని, హైదరాబాదునుంచి బెంగుళూరు వెళుతున్న బస్సు ఈడ్చుకుపోయింది. నిప్పు రాజుకుంది. నిద్రలో ఉన్న పందొమ్మిదిమంది ప్రయాణికులు ఆహుతయ్యారు. మోటారుసైకిలు మీది ఇద్దరూ తాగి ఉన్నారని ప్రయోగశాల పరీక్షలో తేలిందని పోలీసులు ప్రకటించారు. అంత నష్టానికి తాగుడొక్కటే కారణమనడం న్యాయం కాదు; బస్సు సంగతులు, అందులోని సరుకు సంగతులు వేరే ఉన్నాయి. కాని గొలుసులో మొదటి లంకె మాత్రం అది. ఆ రాత్రి ఆ యువకుడి తాళంచెవి ఎవరైనా దాచి ఉంటే?

బీమా ఉంది కదా అంటే

కొందరికి ఇంకొక ధీమా ఉంటుంది: "ఇన్సూరెన్సు కడుతున్నాం గదా!" తాగి నడిపినవాడి సొంత బండి నష్టాన్ని బీమా కంపెనీ చెల్లించనక్కరలేదు. ఢిల్లీలో ఇండియా గేటు దగ్గర 2007లో ధ్వంసమైన ఖరీదైన కారు వ్యవహారంలో సుప్రీంకోర్టు 2021లో ఈ సంగతి తేల్చిచెప్పింది. దెబ్బతిన్న మూడో మనిషికి ఇవ్వవలసిన పరిహారం విషయంలోనూ, ముందు కంపెనీని చెల్లించమని, ఆ సొమ్ము తరువాత బండి యజమాని దగ్గర రాబట్టుకోమని న్యాయస్థానాలు తీర్పు చెప్పిన సందర్భాలు అనేకం. చనిపోయినవాడు సంపాదనపరుడైన గృహస్థు అయితే ఆ మొత్తం లక్షలకు లక్షలు. మధ్యతరగతి సంసారానికి ఉన్న ఒక్క ఇల్లూ, ప్రావిడెంట్ ఫండూ చాలకపోవచ్చు.

తాళం ఇచ్చినవాడి పాలు

ఇప్పుడు మన పెళ్ళిపందిరికి సంబంధించిన మాట. 188వ సెక్షను ప్రకారం, తాగి నడిపే నేరానికి ప్రోద్బలం చేసినవాడికి కూడా నేరస్థుడితో సమానమైన శిక్ష. ఎదుటివాడు తాగి ఉన్నాడని తెలిసి తెలిసి తన బండి తాళం చేతిలో పెట్టి పొమ్మన్నవాడు దీనికి ఎంతో దూరంలో లేడు. ఇక పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే, 2019 సవరణ తెచ్చిన 199-ఏ సెక్షను కింద తండ్రో, సంరక్షకుడో, బండి యజమానో మూడేళ్ళ వరకు ఖైదుకూ, 25,000 రూపాయల జుల్మానాకూ గురి కావచ్చు. "కుర్రాడు, సరదా పడ్డాడు" అన్నది అక్కడ సమాధానం కాదు.

చట్టం మాట అలా ఉంచుదాం. తాగినవాడికి తన స్థితి తెలియదని ముందే చెప్పుకున్నాము. మరి తెలిసేదెవరికి? పక్కన తాగకుండా ఉన్నవారికి. భార్యకు, బావమరిదికి, విందు పెట్టిన ఇంటాయనకు. అయినా మన ఇళ్ళల్లో మొగమాటం అడ్డం వస్తుంది. అల్లుడు గారు, కాదంటే అలుగుతారు, పైఅధికారి, ఎలా చెప్పడం, పెద్దవారు, ఏమనుకుంటారో! అలిగిన అల్లుణ్ణి రేపు బతిమాలుకోవచ్చు.

అందువల్ల ఈ నిర్ణయం గ్లాసు ముట్టుకున్న తరువాత చేసేది కాదు, అంతకు ముందే చేయాలి. గృహిణులు కొన్ని ఏర్పాట్లు ముందే చూసుకోవచ్చు. విందుకు బయలుదేరేటప్పుడే "తిరిగి వచ్చేటప్పుడు నడిపేదెవరు?" అని అడగాలి. తాగే ఉద్దేశముంటే బండి ఇంట్లోనే ఉంచి ఆటోలో వెళ్ళాలి. విందు పెట్టేవారు వచ్చినవారి తాళాలు ఒక పళ్ళెంలో పెట్టించుకుని, పోయేటప్పుడు తాగనివారి చేతికే ఇవ్వవచ్చు. ఒకరిద్దరు పెద్దలు మొదలుపెడితే అది కూడా తాంబూలంలాగే మర్యాదగా మారిపోతుంది. రాత్రి బాగా పొద్దుపోతే ఒక చాప పరచి పడుకోబెట్టాలి, తెల్లవారి కూడా గంటల లెక్క చూసే పంపాలి. తాగినవాడి వెనుక సీటు మీద కూర్చోనని భార్య ఒక్కసారి గట్టిగా చెబితే, వంద పోస్టర్లు చేయని పని జరుగుతుంది. ఆ మాట అన్నందుకు ఆమెను గయ్యాళి అనకుండా ఉండడం చుట్టాల ధర్మం.

గోపాలపట్నం నుంచి వేపగుంటకు ఆటో కిరాయి ఎంతో అందరికీ తెలుసు. ఆ డబ్బు పోతుందని ఏ ఇల్లూ చితికిపోలేదు.